వంశధార మొగ దగ్గర గుల్లలు, పీతలు, చేపలు ఎన్ని ఉన్నాయో లెక్క కట్టడం ఎలా? (ప్రాజెక్టు కోసం)

మొగ దగ్గరోడు:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను, మాది గార మండలం, వంశధార సముద్రంలో కలిసే మొగ ఇంటికి దగ్గరే. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకి "కళింగపట్నం తీరంలో సముద్ర జీవుల జనాభా అంచనా" అని టాపిక్ రాసిచ్చేశాను, గైడ్ గారు సంతకం కూడా పెట్టేశారు. ఇప్పుడు టెన్షన్ మొదలైంది. పుస్తకంలో గుర్తు పెట్టి వదిలి మళ్లీ పట్టే పద్ధతి ఉంది, ఫార్ములా చూస్తే ఏడో క్లాసు లెక్కలా ఉంది. కానీ కవళ్ల లాంటి చేపలకి గుర్తు పెట్టి సముద్రంలో వదిలితే అవి మళ్లీ మన వలలోకే ఎందుకొస్తాయి? మా చిన్నాన్న పడవ మీద వెళ్తాడు. అడిగితే "సంద్రంలో చేపలు లెక్కెట్టినోడు ఎవుడ్రా, వల్లో పడ్డవి లెక్కెట్టు చాలు" అని నవ్వేశాడు.

ఆయన మాట కూడా తీసిపారేసేది కాదు అనిపిస్తోంది. పేపర్లో ఇన్ని లక్షల టన్నులు అని వేస్తారు కదా, అది సముద్రంలో ఉన్నదా, ఒడ్డుకి వచ్చిందా? నా దగ్గర బోటు లేదు, డబ్బుల్లేవు. బైకు ఉంది, సాయం వచ్చే ఫ్రెండు ఒకడు ఉన్నాడు. దీంతో మర్యాదగా చేయగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి. గైడ్ గారు పీతలతో చెయ్యమంటున్నారు.

ఉప్పుటేరు:

బాబూ, ముందు ఆ టైటిల్లో "సముద్ర జీవులు" కొట్టేయించి ఒక్క జీవి పేరు రాయించుకో. అన్నింటికీ సరిపోయే పద్ధతి ఎక్కడా లేదు. కదలకుండా ఇసకలో కూర్చునేవాటికి ఒకటి, గుంపులుగా తిరిగేవాటికి ఒకటి, ఎప్పుడో గాలి పీల్చుకోవడానికి పైకి తేలేవాటికి ఇంకొకటి. నేను కాలేజీలో ఇదే పాఠం చాలా ఏళ్లు చెప్పాను, పిల్లలందరూ ఫార్ములా బట్టీ కొడతారు గానీ దాని వెనకున్న షరతులు చదవరు.

గుర్తు పెట్టే పద్ధతి చేపలతోనే మొదలైంది. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త 1890లలో లిమ్‌ఫియోర్డ్‌లో ప్లేస్ అనే చదును చేపలకు గుర్తులు తగిలించి వదిలి, అందులో ఎన్ని తిరిగి జాలర్ల చేతికి వస్తున్నాయో చూశాడు. ఆ ఫార్ములాకి ఆయన పేరే ఉంది. కానీ అది అటూ ఇటూ భూమి ఉన్న నీరు, చేప అడుగున పడుండే రకం, ఒంటి మీద గుర్తు నిలుస్తుంది. నువ్వు కవళ్లతో అదే చేద్దామంటే చేతిలోకి తీసుకోగానే పొలుసు రాలిపోయి సగం అక్కడే చస్తాయి, మిగతావి తెల్లారేసరికి ఎక్కడుంటాయో.

అంకెలతో చూడు. 200 పీతలకి గుర్తు పెట్టి వదిలావు, వారం పోయాక 150 పట్టావు, అందులో గుర్తున్నవి 12 అనుకుందాం. 200ని 150తో గుణించి 12తో భాగిస్తే 2,500. చిన్న శాంపిల్‌కి వాడే చాప్‌మన్ సవరణతో అయితే 2,334 వస్తుంది. బాగానే ఉంది. ఇప్పుడు గుర్తున్నవి 12 కాకుండా 6 దొరికాయనుకో, మొదటి ఫార్ములాతో ఏకంగా 5,000. ఆ ఆరు ఎందుకు తగ్గాయి? పీతలు నిజంగా ఎక్కువున్నందువల్లా, గుర్తు పెట్టినవి చచ్చిపోయినందువల్లా, వేరే కాలువలోకి పోయినందువల్లా, ఒకసారి పట్టుబడ్డ భయంతో మళ్లీ బుట్టలో దూరనందువల్లా? ఫార్ములాకి ఇవేవీ తెలియవు, అన్నింటికీ "ఎక్కువున్నాయి" అనే చెబుతుంది.

పీతలతో ఇంకో చిక్కు. పీత పెరగాలంటే పెంకు విడవాలి. నువ్వు పెంకు మీద రంగు వేస్తే అది పెంకుతో పాటే పోతుంది, ఆ పీత మళ్లీ నీ చేతికొచ్చినా కొత్త పీత అని రాసుకుంటావు. మీ గైడ్ గారితో ఈ మాట మెల్లగా అను, నా పేరు చెప్పకు 🙂

నన్నడిగితే గుల్లలు తీసుకో. మొగ లోపలివైపు పాటు దిగినప్పుడు బయటపడే ఇసక బురద తిన్నెలు ఉంటాయి కదా, అక్కడ.

బుట్ట లెక్క:

పేపర్లో వచ్చే టన్నుల సంగతి నేను చెబుతాను, నేను కొన్నాళ్లు ఆ లెక్కలు రాసే పనిలో ఉన్నాను. అది ఒడ్డుకి వచ్చిన చేప తమ్ముడూ, సముద్రంలో ఉన్న చేప కాదు. మీ చిన్నాన్న అన్నదే. దేశం మొత్తం మీద ఆ అంచనా కట్టేది కొచ్చిలో హెడ్డాఫీసు ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ), విశాఖలో వాళ్ల సెంటర్ ఉంది. ప్రతి ఊళ్లో ప్రతి పడవనీ ఎవరూ తూచరు, తూచలేరు కూడా. తీరాన్ని జోన్లుగా విడగొట్టి, నెలలో కొన్ని రోజుల్ని లాటరీ వేసినట్టు ఎంచుకుని, ఆ రోజు ఆ రేవుకి వెళ్తారు. మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా ఒక పూట, మర్నాడు పొద్దున్న 6 నుంచి 12 దాకా ఇంకో పూట, మధ్యలో రాత్రి వచ్చిన పడవల సంగతి పొద్దున్నే అడిగి రాసుకోవడం. పడవలు తక్కువుంటే అన్నీ, ఎక్కువుంటే కొన్ని. దాన్ని మొత్తం పడవలకి, మొత్తం రోజులకి పెంచుతారు.

వినడానికి ఇంతే గానీ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. పడవ ఇసకెక్కగానే వేలంపాట మొదలవుతుంది, కొనేవాళ్లు చుట్టూ మూగుతారు, నువ్వు కాటా పట్టుకుని మధ్యలో దూరితే తిడతారు. అందుకే ఒక బుట్టకి నెత్తళ్లు ఎన్ని కిలోలు పడతాయో, కవళ్లు ఎన్ని పడతాయో ముందే తూచి పెట్టుకుని, తర్వాత బుట్టలు లెక్కపెట్టుకుంటూ పోవడమే. బుట్టలో పైన కానాగంతలు కనిపిస్తాయి, చెయ్యి లోపలికి పెడితే కింద చిన్న పారలు, గొరకలు, నాలుగైదు పీతలు. పైన చూసి రాస్తే లెక్క తప్పే. ఇంటికి కూరకని సంచిలో వేసుకున్న చేప ఉంటుంది, అది పాటకి రాదు, అడిగితేనే చెబుతారు.

అన్నింటికన్నా పెద్ద ఉచ్చు ఖాళీ పడవ. ఏమీ పడకుండా వచ్చిన పడవ దగ్గర ఎవరూ మూగరు, నువ్వూ అటు చూడవు. చేప ఉన్న పడవలు మాత్రమే రాసుకుంటే నీ సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది, సముద్రం ఎండిపోయినా సరే. సున్నా కూడా లెక్కే.

ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజన్ లేని తెప్పలకి లేదు గానీ బోట్లు ఆగిపోతాయి. ఆ రెండు నెలల పట్టుబడి చూసి చేప తగ్గిందని గ్రాఫ్ గీసిన ప్రాజెక్టు రిపోర్టు నా కళ్లారా చూశాను.

కోనాడ బోటు:

నేను విజయనగరం సైడు, చంపావతి కలిసే దగ్గర. బోటు మనదే. పైన సారు చెప్పింది ఒప్పుకుంటాను గానీ ఒడ్డుకొచ్చిన చేపని బట్టి సముద్రం సంగతి చెప్పడం ఎప్పటికీ కుదరదు. మా నాన్న కాలంలో ఒడ్డు కనబడేంత దూరంలోనే కోనెం చేప తగిలేది. ఇప్పుడు డీజిల్ పోసుకుని దూరం పోవాలి, జీపీఎస్ ఉంది, ఫిష్ ఫైండర్ ఉంది, వల పెద్దది. అన్నీ కలిపి అదే బుట్టలు తెస్తే మీ పుస్తకంలో "నిలకడగా ఉంది" అని రాస్తారు. నిలకడగా ఉన్నది మా అప్పులు. మా వాళ్లు సగం మంది పనికి గుజరాత్‌లో వెరావల్ ఎందుకు పోతున్నారు మరి?

ఫిష్ ఫైండర్ గురించి కూడా చెప్పాలి. తెర మీద గుంపు కనబడితే అక్కడే తిరుగుతాం, లేని చోట వల వెయ్యం. కాబట్టి వల వేసిన ప్రతిసారీ చేప పడుతుంది. దాన్ని చూసి సముద్రమంతా అలాగే ఉంది అనుకుంటే ఎలా?

ఉప్పుటేరు:

కోనాడ బోటు గారూ, మీరన్న దానికి దేశాలు మూల్యం చెల్లించాయండీ. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప విషయంలో జరిగింది ఇదే. చేప తగ్గేకొద్దీ మిగిలినవి కొన్ని చోట్లకి గుంపుగా చేరాయి, బోట్లు సరిగ్గా అక్కడికే వెళ్లాయి, ఒక్కో బోటు పట్టుబడి బాగానే కనిపించింది. పరిశోధన నౌకలు ముందే నిర్ణయించిన చోట్లలో, చేప ఉన్నా లేకపోయినా, అదే వల అదే వేగంతో లాగి చూస్తే సంఖ్య పడిపోతూ వచ్చింది. రెండు అంకెల్లో దేన్ని నమ్మాలో తేల్చుకునేసరికి ఆలస్యమైంది, 1992లో వేట మొత్తం ఆపేశారు, 30 వేల మందికి పైగా పని పోయింది.

అందుకే సర్వే నౌక చేసే పనికీ మీ ఫైండర్‌కీ యంత్రంలో పెద్ద తేడా లేకపోయినా నడకలో తేడా ఉంది. వాళ్లు గీత గీసినట్టు సమాన దూరంలో తిన్నగా పోతారు, చేప కనబడిందని పక్కకి తిరగరు. సాధారణంగా 38 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వని బలాన్ని బట్టి ఎంత చేప ఉందో లెక్క కడతారు, మధ్యమధ్య వల వేసి ఆ గుంపు ఏ జాతిదో చూసుకుంటారు. చాలా చేపల్లో ఆ ప్రతిధ్వనిని ఎక్కువగా ఇచ్చేది కడుపులోని గాలితిత్తి. సొరకి అది లేదు, కాబట్టి దానికి ఈ లెక్క సరిపోదు. అడుగుకి అంటుకుని ఉండే చేపా సరిగ్గా పట్టుబడదు, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనిలో కలిసిపోతుంది.

చేపని వదిలేసి గుడ్లని లెక్కపెట్టే వాళ్లూ ఉన్నారు. అట్లాంటిక్‌లో మ్యాకెరెల్‌కి 1977 నుంచి మూడేళ్లకోసారి అలా చేస్తున్నారు. సన్నటి వలతో నీళ్లలో తేలే గుడ్లు పట్టి, ఒక ఆడచేప ఎన్ని గుడ్లు పెడుతుందో విడిగా చూసుకుని, వెనక్కి లెక్క వేసి తల్లులు ఎన్నో చెబుతారు.

తాబేలు డ్యూటీ:

గుడ్ల మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. బారువ సైడు, తాబేలు గుడ్లు సేకరించి హేచరీలో పెట్టే పనికి చలికాలం నుంచి వెళ్తుంటాను. ఆలివ్ రిడ్లీలు. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు. చూసినవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న "మొత్తం ఎన్ని తాబేళ్లున్నాయి?" అని. మాకు తెలిసేది గూళ్లు, తాబేళ్లు కాదు.

పొద్దున్నే వెలుగు రాకముందే ఒడ్డు వెంబడి నడుస్తాం. నీళ్లలోంచి పైకొచ్చిన జాడ, తిరిగి దిగిన జాడ, రెండు కనిపిస్తాయి. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేసిన గుర్తులు, మధ్యలో పొట్ట ఈడ్చిన చార. పైన ఇసక తవ్వి ఎగజిమ్మినట్టు ఉంటే గూడు ఉండొచ్చు. కొన్నిసార్లు పైదాకా వచ్చి, కుక్కల అరుపుకో, లైటుకో బెదిరి గుడ్లు పెట్టకుండానే దిగిపోతుంది, జాడ మాత్రం అలాగే ఉంటుంది. జాడలు లెక్కపెట్టి గూళ్లని రాస్తే అంకె పెరిగిపోతుంది. పైగా అదే తాబేలు సీజన్లో రెండోసారి, ఒక్కోసారి మూడోసారి వస్తుంది. ప్రతి ఆడదీ ప్రతి ఏడూ రాదు. మగవి జన్మలో ఒడ్డెక్కవు, పిల్లగా నీళ్లలోకి పోవడమే. కాబట్టి గూళ్లు ఇన్ని అంటే ఆ ఏడు గుడ్లు పెట్టిన ఆడవి సుమారు ఇన్ని, అంతవరకే చెప్పగలం.

మనకి పైన ఒడిశాలో రుషికుల్య దగ్గర ఒకే రాత్రి వేలల్లో వస్తాయి కదా, అక్కడ ఒక్కొక్కటి లెక్కపెట్టడం అయ్యే పని కాదు. ఒడ్డు మీద కొన్ని పట్టీలు గీసి, రాత్రంతా నిర్ణీత వ్యవధిలో ఆ పట్టీల్లో నడిచి, ఆ క్షణానికి గుడ్లు పెడుతున్న వాటినే లెక్కపెడతారు. ఒక తాబేలు గుడ్లు పెట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కాబట్టి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టిన పొరపాటు సరిచేసి మొత్తానికి పెంచుతారు.

గుర్తు పెట్టడం వీటికి బాగా పనికొస్తుంది, రెక్కకి లోహపు బిళ్ల కొడతారు. 2021లో ఒడిశాలో బిళ్ల కొట్టిన తాబేలు 2025లో మహారాష్ట్రలో గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి! ఇంక మన జిల్లా హద్దులో ఇన్ని తాబేళ్లు అని ఎలా రాస్తావు.

చచ్చి కొట్టుకొచ్చేవాటిని లెక్కపెట్టి కూడా జనాభా చెప్పలేం. ఎన్ని ఒడ్డుకొచ్చాయన్నది ఆ వారం గాలి ఎటు వీచిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మధ్య సముద్రంలో మునిగిపోయినవి మన లెక్కలోకే రావు.

మొగ దగ్గరోడు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మేడమ్, గైడ్ గారితో పెంకు సంగతి మాట్లాడాను, కాసేపు ఆలోచించి "సరే గుల్లలే కానీ" అన్నారు. మీ పేరు చెప్పలేదు 🙂

రెండు డౌట్లు. ఒకటి, ఒడ్డు మీద ఎర్ర పీతల బొరియలు లెక్కపెట్టేస్తే ఒక సైడు టాపిక్‌గా బాగుంటుంది కదా, గుర్తులు గట్రా అక్కర్లేదు? రెండు, గుల్లలకి ఎన్ని ఫ్రేములు (ఇసక మీద పెట్టి లోపలున్నవి లెక్కపెట్టే చదరాలు) వెయ్యాలి? మా ఫ్రెండు, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలదా, పది వేసేద్దాం అంటున్నాడు.

ఉప్పుటేరు:

మీ ఫ్రెండు మెతుకు సామెత కుండకి పనికొస్తుంది, కుండలో నిప్పు అంతటా ఒకేలా తగులుతుంది కాబట్టి. గుల్లలు అలా ఉండవు. పది ఫ్రేములు వేస్తే ఎనిమిదింట్లో ఒక్కటీ ఉండదు, తొమ్మిదో దాంట్లో 20, పదో దాంట్లో 40 వస్తాయి. సగటు 6. అర మీటరు చదరం ఫ్రేము అయితే చదరపు మీటరుకి 24, తిన్నె 300 మీటర్ల పొడవు 40 మీటర్ల వెడల్పు అనుకుంటే 2,88,000 గుల్లలు. బ్రహ్మాండంగా ఉంది కదా అంకె? ఆ 40 వచ్చిన ఫ్రేము రెండడుగులు పక్కన పడి ఉంటే సున్నా వచ్చేది, అప్పుడు మొత్తం 96,000. ఒక్క ఫ్రేముకి లెక్క మూడో వంతుకి పడిపోయింది చూశావా. అందుకే అంకెతో పాటు అది ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చో కూడా రాయాలి, రాయకపోతే వైవాలో అడుగుతారు, నేనైతే అడిగేదాన్ని.

ముందు ఒక రోజు ఊరికే తిరిగి తిన్నెని భాగాలు చెయ్యి: నీటి అంచు, మధ్య, పైన గట్టిగా ఉండే భాగం. ఒక్కో భాగంలో విడివిడిగా ఫ్రేములు వెయ్యి. ఎన్ని అంటే, మొదటి విడత వేశాక అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చూసి, ఎక్కువ చెదిరిన భాగంలో ఎక్కువ వెయ్యి. ఫ్రేము ఎక్కడ పెట్టాలో ఇంటి దగ్గరే రాండమ్ నంబర్లతో రాసుకుని వెళ్లు. అక్కడికెళ్లాక చూసి పెడితే కాలు తెలియకుండానే గుల్లలున్న వైపే పోతుంది, ఫిష్ ఫైండర్ బోటులాగే. లోతు కూడా ఒకటే ఉంచు, ఒక చోట జానెడు, ఇంకో చోట మూరెడు తవ్వితే పోలిక ఉండదు. తవ్విన ఇసక జల్లించే జల్లెడ కన్ను ఎంతో రిపోర్టులో తప్పకుండా రాయి, పిల్ల గుల్లలు జారిపోయాక "పిల్లలు లేవు, సంతతి తగ్గుతోంది" అని రాసేస్తారు కొందరు.

అమావాస్య, పున్నమి రోజులు చూసుకో, పాటు బాగా దిగుతుంది. దిగుతున్నప్పుడే మొదలుపెట్టు, పోటు తిరిగే టైముకి బయటికి వచ్చెయ్యాలి, మొగ దగ్గర నీళ్లు ఎంత వేగంగా ఎక్కుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఎర్ర పీతల బొరియలు లెక్కపెట్టు, తప్పులేదు. కానీ "పీతలు ఇన్ని" అని రాయకు, "బొరియలు ఇన్ని" అని రాయి. ఖాళీ బొరియలుంటాయి, ఎండ ముదిరితే మూతి ఇసకతో మూసేసుకున్నవీ ఉంటాయి. ఎప్పుడూ ఒకే టైముకి వెళ్తే ఈ చోటుకీ ఆ చోటుకీ, ఈ నెలకీ వచ్చే నెలకీ పోల్చుకోవచ్చు. ఎన్ని పీతలో చెప్పకపోయినా పెరిగాయా తగ్గాయా చెబుతుంది, చాలాసార్లు మనకి కావలసింది కూడా అదే.

బుట్ట లెక్క:

మేడమ్ చెప్పిన చివరి ముక్కకి నాదొకటి కలుపు తమ్ముడూ. గుల్లలు ఏరి అమ్ముకునేవాళ్లు అక్కడ వస్తూనే ఉంటారు కదా. ఎవరు ఎంతసేపు ఏరారు, ఎన్ని కిలోలు, రోజూ అడిగి రాసుకో. తిన్నె చిన్నది, గుల్ల ఎక్కడికీ పోదు, కాబట్టి సముద్రంలో కుదరని లెక్క ఇక్కడ కుదరొచ్చు. మొదట్లో మనిషికి పూటకి 50 కిలోలు వచ్చి, అందరూ కలిపి 400 కిలోలు తీసేసరికి అది 30కి పడిపోయిందనుకో. 400కి 20 తగ్గింది, అదే వరసలో సున్నాకి చేరాలంటే మొత్తం 1,000 కిలోలు తియ్యాలి. అంటే మొదట్లో తిన్నెలో ఉన్నది ఇంచుమించు వెయ్యి కిలోలు. ఈ పద్ధతి లెస్లీ, డెలూరీ పేర్లతో పుస్తకాల్లో ఉంటుంది చూడు. ఫ్రేముల్లో దొరికిన గుల్లలు తూచి ఉంచితే ఆ లెక్కనీ కిలోల్లోకి మార్చి పక్కన పెట్టొచ్చు. రెండూ దగ్గర్లో ఉంటే సరే, లేకపోతే అప్పుడు అసలు ప్రాజెక్టు మొదలవుతుంది.

కోనాడ బోటు:

ఏరేవాళ్లు అడిగిన వెంటనే నిజం చెప్పరు తమ్ముడూ, ఏ ఆఫీసు నుంచో వచ్చావనుకుంటారు. ముందు రెండు మూడు రోజులు వాళ్లతో పాటు నువ్వూ వంగి ఏరు. పుస్తకం తర్వాత తియ్యి.

మొగ దగ్గరోడు:

ఏరేవాళ్లలో మా పిన్నమ్మ వాళ్లే ఉన్నారు అన్నా, ఆ బాధ లేదు 😀 వచ్చే అమావాస్యకి మొదలుపెడుతున్నాం. ఫ్రేము ఇనప చువ్వతో చేయిద్దామంటే వెల్డింగ్ షాపులో ఎక్కువ చెబుతున్నాడు, ఉప్పు నీళ్లకి తుప్పు కూడా.

తాబేలు డ్యూటీ:

ఇనుం వద్దు. పీవీసీ పైపు అర మీటరు ముక్కలు నాలుగు, ఎల్బోలు నాలుగు, ప్లంబింగ్ షాపులో దొరుకుతాయి. అతికించాక లోపల కొలువు, బయట కాదు. పైపులకి అక్కడక్కడా చిల్లులు పెట్టు, లేకపోతే గాలి నిండి తేలిపోతుంది, నీళ్లున్న చోట ఫ్రేము పట్టుకోవడానికే నీ ఫ్రెండు సరిపోతాడు.